మీ పిల్లి గబగబా మింగి కక్కేస్తోందా?

పళ్ళెం నేలమీద పెట్టి మీరు నడుము ఎత్తేలోపే ఖాళీ! పావుగంట తిరక్కముందే అదే తిండి, నమలని ముద్దలుగా, గడప పక్కనో మడతపెట్టిన బట్టల మీదో కక్కేస్తుంది. 'దిష్టి తగిలింది' అని ఎండుమిరపకాయలు తిప్పేవాళ్ళున్నారు. 'రేపటిదాకా పస్తుంచితే సరి' అనేవాళ్ళూ ఉన్నారు. దిష్టి తీస్తే పోయేదేమీ లేదు గానీ పస్తు మాత్రం పెట్టకండి. ఆకలి పెరిగితే మరుసటి పూట ఇంకా ఆత్రంగా మింగుతుంది. పైగా ఒళ్ళు చేసిన పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికే రావచ్చు.

మన ఆదోనిలో పత్తి, బుడ్డల బస్తాలున్న చోటా, ఎమ్మిగనూరులో మగ్గాలున్న ఇళ్ళల్లోనూ పిల్లిని ముద్దు కోసం కన్నా ఎలుకల కోసమే రానిస్తాం. 'ఎలుకలు పట్టుకుంటుంది కదా' అని రోజుకు ఒక్క పూట ఇంత జొన్నరొట్టె పాలలో నానేసి వీధి గుమ్మం దగ్గర పెడతాం. ఆ పాటికి పక్కింటి గండుపిల్లి గోడమీద కాచుకుని ఉంటుంది. నెమ్మదిగా తింటే మిగలదని మన పిల్లికి తెలుసు. ఆ ఆత్రం వెనక ఉన్నది భయం. తోబుట్టువులతో కొట్టుకుని పెరిగిన కూనకైతే పెద్దయినా ఆ అలవాటు ఓ పట్టాన పోదు.

పిల్లి పళ్ళు కోయడానికే గాని మనలా నమలడానికి పనికిరావు. దాని పొట్ట కూడా చిట్టెలుకంత తిండికి తగ్గట్టు చిన్నది. ఒక చిట్టెలుకలో ఉండేది దాదాపు 30 కేలరీలు. నాలుగు కిలోల పిల్లికి రోజుకు 200 నుంచి 250 కేలరీలు కావాలి. అంటే ఏడెనిమిది చిట్టెలుకలన్నమాట, అదీ రోజంతా కాస్త కాస్తగా. దాన్నంతా మనం ఒక్క పళ్ళెంలో గుమ్మరిస్తే పొట్ట ఏం చేస్తుంది? తిప్పికొడుతుంది.

కాబట్టి అదే తిండిని నాలుగైదు సార్లుగా పెట్టండి. మా ఎమ్మిగనూరు వదినతో ఈ మాటంటే, "పిల్లికి విస్తరేసి వడ్డించాల్నా ఏంది?" అని నవ్వింది. విస్తరి వద్దు వదినా, అటకమీది పాత గుంత పొంగనాల పెనం దించు అన్నాను. ఎముకలు తీసిన ఉడికిన కోడిమాంసమో చేపో, కొంచెం అన్నం కలిపి గుంతకొక చెంచా చొప్పున సర్దాలి. పిల్లి ఒక్కో గుంతలో మూతి పెట్టి, నాలుకతో తీసుకుని, తర్వాతి దానికి జరగాల్సిందే. ఇనుప పెనం బరువు గనుక నెట్టినా కదలదు. కడిగి తడి లేకుండా తుడవకపోతే తుప్పు పడుతుంది, అంతే. దాన్ని పిల్లికే వదిలేయండి, మళ్ళీ పొయ్యి ఎక్కించకండి! పెనం లేకపోతే ఇడ్లీ రేకు చాలు. అదీ లేదంటే వెడల్పు పళ్ళెంలో తిండిని పలచగా పరిచి, మింగడానికి వీల్లేనంత పెద్ద నున్నటి రాయి ఒకటి కడిగి మధ్యలో పెట్టండి.

రెండు పిల్లులుంటే రెండు గదుల్లో పెట్టండి, ఒకదానికొకటి కనిపించకూడదు. కొనే గుళ్ళ తిండి అయితే గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నానబెట్టండి.

తిండి సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మిగిలిన కూర పిల్లికి వేసే అలవాటుంటే మానుకోండి. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తానికి విషం. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. రొట్టె, పాలతోనే సరిపెడితే టారిన్ అనే పోషకం చాలక కళ్ళూ గుండే దెబ్బతింటాయి. అది మాంసం, చేపల్లోనే దొరుకుతుంది.

అయితే కక్కిన ప్రతిసారీ ఆత్రమే కారణమనుకోకండి. మాచాని సోమప్ప గారు 1938లో నేతగాళ్ళ సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో ఈ విషయం మరీ చెప్పాలి. కండెల నూలంటే పిల్లికి ఆట. ఆడుతూ ఆడుతూ పోగు మింగుతుంది. ఆ పోగు నాలుక కింద చిక్కుకుని, మిగతాది పేగుల్లోకి జారితే పేగులు ముడతలు పడి తెగిపోతాయి. నోట్లోంచో వెనకనుంచో దారం వేలాడుతూ కనిపిస్తే దయచేసి లాగకండి. కత్తిరించకండి. వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మగ్గం ఆపగానే కండెల బుట్టమీద మూత పెట్టడం మాత్రం మీ చేతిలో పని.

రోజుకు రెండు మూడుసార్లు కక్కడం, రక్తం పడటం, పచ్చటి పసరు రావడం, తిండి ముట్టకపోవడం కూడా డాక్టరుకు చూపించాల్సినవే. పదేళ్ళు దాటిన పిల్లి బాగా తింటూనే చిక్కిపోతుంటే థైరాయిడ్ కావచ్చు. కూన పొట్ట ఉబ్బి ఎప్పుడూ ఆకలిగా ఉంటే నులిపురుగులు. మందు డాక్టరునడిగే వేయండి. ఒంట్లో బాగోలేదని మనం వేసుకునే పారాసిటమాల్ ముక్క వేస్తే పిల్లి చచ్చిపోతుంది.

మా వదిన పిల్లి మొదటి రోజు పెనం చుట్టూ తిరిగి అలిగి పోయిందట. మూడో రోజుకు గుంత గుంతా నాకి, చివరి గుంత దగ్గర తీరిగ్గా కూర్చుని మీసాలు తుడుచుకుంది.