ముద్ద మింగిన పిమ్మట

పాలు త్రాగిన పసిబిడ్డ పొట్ట నిమురుచు వాతాపి పేరు తలచెడి తల్లులు మన యిండ్లలో నేటికిని కలరు. పొట్టేలి మాంసమై తన కుక్షిని ప్రవేశించిన ఆ రాక్షసుని అగస్త్యుడు ఒక్క మాటతో జీర్ణించుకొనెనే గాని, మహర్షి దంతముల ఘనతను కథకులు కీర్తింపలేదు. వారి యెరుకను మెచ్చవలసినదే. అన్నము కడుపులో నలిగి అరుగునా, రసమున కరగి అరుగునా యని ఐరోపా పండితులు బహుకాలము వివదించిరి. ఫ్రాన్సు దేశీయుడగు రెయోమ్యూర్, కొనలకు తీగవల బిగించిన లోహపు గొట్టములలో మాంసఖండముల నుంచి గద్దచేత మింగించి, అది వెడలగ్రక్కిన పిదప పరిశీలించి, ఏ రాపిడియు సోకని ఆ మాంసము కరగియుండుట గాంచి, 1752లో వెల్లడించెను.

మానవుని జఠరమును కన్నులార చూచు భాగ్యము (భాగ్యమనుటకు నోరు రాదు) విలియం బోమాంట్ అను అమెరికా సైనికవైద్యునకు పరుని దౌర్భాగ్యము మూలమున లభించినది. 1822 జూన్ 6వ తేదీన మకినా ద్వీపమున, బొచ్చుతోళ్ళ వర్తకుల కొలువులో నుండిన అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను కెనడా యువకునకు, పొరపాటున పేలిన తుపాకి దెబ్బ అతిసమీపమునుండి తగిలెను. ప్రాణము దక్కెను గాని, డొక్కలోని గాయము పూడక, జఠరములోనికి దారితీయు రంధ్రమై నిలిచిపోయెను. 1825 ఆగస్టు 1వ తేదీ మధ్యాహ్నము పన్నెండు గంటలకు వైద్యుడు మాంసపు తునకలను, రొట్టెను, పచ్చి క్యాబేజీని పట్టుదారమునకు గట్టి అందు దింపెను. గంట గడచి లాగి చూడగా రొట్టెయు క్యాబేజీయు సగ మరిగినవి, మాంసము చెక్కుచెదరలేదు. రెండు గంటలగుసరికి అవియే గాక పందిమాంసము, ఉడికించిన గొడ్డుమాంసము సైతము దారమును విడిచిపోయినవి. 1833లో వెలువడిన గ్రంథముపై పేరు వైద్యునిదే యగుటచే, కడుపు నప్పగించిన వాని సహనమును మనము మరచుచుందుము.

నోటి ప్రమేయము లేకయే ఇంత జరిగినచో దంతములేల? ఆహార మెంత సన్నముగా విభక్తమైన అంత సులభముగా జీర్ణమగునని బోమాంటే వ్రాసెను. ముందుపళ్ళు కొరికి, కోరపళ్ళు చీల్చి, దవడపళ్ళు ఎంత నూరినను, పిండిపదార్థపు అణుశృంఖలను త్రెంచు పని వానిది కాదు. త్రెంచు ఎంజైములకు తావు విశాలము చేయుటయే వాని కొలువు. లాలాజలమందలి ఎమిలేజు నోటనే పిండిపదార్థమును చక్కెరగా మార్చ నారంభించి, జఠరామ్లము తగులగానే చేష్టలుడిగిపోవును. 1836లో థియొడోర్ ష్వాన్ కనుగొనిన పెప్సిన్ మాత్రము ఆ ఆమ్లముననే విజృంభించి మాంసకృత్తులను ఖండించును. అటుపిమ్మట చిన్నప్రేవులలో క్లోమరసము మిగిలిన భారమును వహించును. పైత్యరసమున జీర్ణించు ఎంజైము లేకున్నను, దంతములు రొట్టెకు చేసిన ఉపకారమునే అది కొవ్వునకు చేసి, సూక్ష్మబిందువులుగా చెదరగొట్టి, లైపేజునకు అప్పగించును.

కావున నమలుట కొక అవధి కలదు. గడ్డిపరకను దినమెల్ల నమిలినను అందలి సెల్యులోజు మనకు అరుగదు. దానిని ఛేదించు ఎంజైము మన దేహమున పుట్టదు. ఆవునకును అది సొంతము కాదు: నెమరువేయుట దాని వంతు, ఛేదించుట దాని కడుపున కాపురమున్న సూక్ష్మజీవుల వంతు.