ఊడ్చినా పోని చెక్కధూళి

పని ముగిసింది. రంపపు పొట్టంతా ఊడ్చి బస్తాకెత్తారు. గది శుభ్రంగానే కనిపిస్తుంది. అంతలో కిటికీలోంచి ఏటవాలుగా ఎండ పడితే ఆ వెలుగులో ధూళి ఇంకా తేలుతూనే ఉంటుంది. ఇంట్లో సరదాకు వడ్రంగం చేసేవారికి అసలు ముప్పు ఊడ్చిన పొట్టుతో కాదు, గాలిలో మిగిలిన ఈ ధూళితోనే.

కణం సన్నబడే కొద్దీ...

మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్లకు మించిన కణాలు చాలావరకు ముక్కు, గొంతులోనే ఆగుతాయి. మరీ సన్ననివి ఊపిరితిత్తుల్లోని గాలిగదుల దాకా చేరతాయి. పైగా అవి త్వరగా నేలకు దిగవు. నీటంత సాంద్రత గల 10 మైక్రాన్ల కణం నిశ్చలమైన గాలిలో మీటరున్నర ఎత్తు నుంచి దిగడానికి సుమారు 8 నిమిషాలు చాలు. 1 మైక్రాన్ కణానికి దాదాపు 12 గంటలు పడుతుంది.

ఇంగ్లండ్‌లోని హై వికోమ్ ఫర్నిచర్ కార్మికుల్లో ముక్కు లోపల వచ్చే అరుదైన క్యాన్సర్ ఎక్కువగా ఉందని 1960లలోనే వైద్యులు గుర్తించారు. చెక్కధూళిని క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రకటించింది. అది ఏళ్ల తరబడి ధూళిలో పనిచేసినవారి సంగతి. అయితే ఉబ్బసం, చర్మంపై దద్దుర్లు వంటివి కొందరికి త్వరగానే రావచ్చు. టేకు, రోజ్‌వుడ్ ధూళి పడనివారు ఉంటారు.

పుట్టిన చోటే పట్టాలి

దీపాన్ని దూరం నుంచి ఊది ఆర్పవచ్చు, పీల్చి ఆర్పలేం. ఊదిన గాలి ఒకే దిశలో దూసుకుపోతుంది, పీల్చే గాలి అన్ని వైపుల నుంచీ వస్తుంది. గొట్టం మూతి నుంచి దాని వ్యాసమంత దూరం వెళ్లేసరికి గాలి వేగం సుమారు పదోవంతుకు పడిపోతుంది. అందుకే గొట్టం మూతి రంపానికి వీలైనంత దగ్గరగా ఉండాలి.

చేతి సాండర్‌కు సన్నని గొట్టంతో బలంగా పీల్చే వ్యాక్యూమ్ క్లీనర్ సరిపోతుంది. బల్లరంపానికి, చిత్రిక యంత్రానికి మాత్రం ఎక్కువ గాలిని లాగే డస్ట్ కలెక్టర్ కావాలి. పొట్టు దారిలో పేరుకోకుండా ఉండాలంటే గొట్టంలో గాలి సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో సాగాలి. 4 అంగుళాల గొట్టంలో ఆ వేగం రావాలంటే నిమిషానికి 9 ఘనపు మీటర్లకు పైగా గాలి లాగాలి. మలుపులు, ముడతల గొట్టాలు ఆ ప్రవాహాన్ని తగ్గిస్తాయి.

దారిలో సైక్లోన్ అమర్చితే సుడి తిరిగే గాలిలోంచి బరువైన పొట్టు గోడకు తగిలి కింది డబ్బాలోకి జారుతుంది. ఫిల్టర్ త్వరగా పూడిపోదు.

చివరి మెట్టు ఫిల్టర్

పలుచని గుడ్డసంచి పొట్టును పట్టి, సన్నని ధూళిని గదంతా చల్లుతుంది. 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం ఆపే హెపా ఫిల్టర్ మేలు. ఇంట్లోకి గానీ పొరుగింట్లోకి గానీ పోని చోటికి గాలిని వదలడం మరో మార్గం. ఇనుము సానపట్టేటప్పుడు లేచే నిప్పురవ్వలను ఈ యంత్రంలోకి పోనివ్వకూడదు. చెక్కధూళి తేలిగ్గా అంటుకుంటుంది.

పని ఆపిన తర్వాతా కాసేపు యంత్రాన్ని నడవనివ్వాలి, ఎన్95 మాస్కు తీయకూడదు. పొడి చీపురుకు బదులు తడిగుడ్డ వాడాలి. ఆ తర్వాత గది చీకటి చేసి, టార్చిని ఏటవాలుగా వెలిగించి చూడాలి. వెలుగుబాటలో ధూళి కనిపిస్తే, గొట్టాన్ని ఇంకా దగ్గరకు జరపాలనో, ఫిల్టర్ మార్చాలనో అర్థం.