తొడుగులోని మనిషి, తెరమీది మృగం: పోకెమాన్ రూపకల్పనపై జపాన్ టెలివిజన్ ప్రభావం

పోకెమాన్ పుట్టుకను వివరించేవారు సాధారణంగా దాని సృష్టికర్త సతోషి తజిరి బాల్యంలో పురుగులను సేకరించిన ముచ్చటను ప్రస్తావించి ఊరుకుంటారు. అది సగం కారణమే. అరచేతిలో ఇమిడే గోళంలో మహామృగం ఒదిగి ఉండటం, పిలవగానే వెలువడి యజమాని పక్షాన పోరాడటం అనే కల్పన పురుగుల డబ్బాలో దొరికేది కాదు. అది 1967లో జపాన్‌లో ప్రసారమైన 'అల్ట్రాసెవెన్' ధారావాహికలో ఉంది. అందులో నాయకుడు దాన్ మొరొబొషి మృగాలను చిన్న గుళికల్లో వెంట ఉంచుకొని, తాను రూపం మార్చుకోలేని వేళ వాటిని విసిరి రప్పిస్తాడు. విండమ్, మిక్లాస్, అగిరా వాటి పేర్లు. 1996లో విడుదలైన పోకెమాన్ ఆటకు తొలుత అనుకొన్న పేరు 'క్యాప్సూల్ మాన్‌స్టర్స్'. ఈ గుళిక మృగాలు తన ఆటకు ముడిసరుకుల్లో ఒకటని 1999లో 'టైమ్' పత్రికతో తజిరి స్వయంగా చెప్పారు.

కథాకల్పన కంటే రూపకల్పనలోని ఋణం లోతైనది. చర్చకు వచ్చింది మాత్రం తక్కువ. 'తొకుసత్సు' అనే ఈ ప్రత్యేక చిత్రీకరణ పద్ధతిలో మృగమంటే చాలావరకు రబ్బరు తొడుగు వేసుకొన్న నటుడే. అందువల్ల రెండు కాళ్ళపై నిలిచే దేహం, బరువైన తొడలు, నేలకు తగిలే తోక దాదాపు అనివార్యమయ్యాయి. ఆ ఇరుకులోనే ఒక కళ రూపొందింది. 'అల్ట్రామాన్' (1966) మృగాలను చిత్రించిన శిల్పి తోరు నరీత కొన్ని నియమాలు పెట్టుకొన్నారు. ఉన్న జంతువును కేవలం పెద్దది చేసి చూపరాదు. ఒక దేహానికి పలు తలలు తగిలించరాదు. గాయాలతో, నెత్తుటితో జుగుప్స పుట్టించరాదు. చూసేవారు పిల్లలు కదా! ఆ చిత్రాలను తొడుగులుగా మలచిన ర్యోసాకు తకయామను ఇక్కడ తలచుకోకపోవడం అన్యాయం. నరీత తరవాతి కాలంలో, 1971 నాటి 'రిటర్న్ ఆఫ్ అల్ట్రామాన్'లో ట్విన్‌టెయిల్ అనే మృగానికి తల నేలమీద, తోకలు ఆకాశంలో ఉంటాయి. లోపలి మనిషి ఆకారాన్ని దాచడానికి ఇంతకంటే తెలివైన ఉపాయం అరుదు.

గేమ్‌బాయ్‌లో తొడుగూ లేదు, నటుడూ లేడు. ఉన్నది 160×144 చుక్కల తెర, నాలుగు ఛాయలు. అయినా ఆ నిలువు రూపం పోలేదు. పోకెమాన్లలో మొదట రూపొందినది రైడాన్ అని చిత్రకారుడు కెన్ సుగిమోరి చెప్పారు. ఖడ్గమృగపు కొమ్మున్న ఈ జీవి రెండు కాళ్ళపై నిలిచి లావుపాటి తోకను ఈడుస్తుంది. తొడుగు సౌకర్యం కోసం పుట్టిన భంగిమ ఇక్కడ కేవలం శైలిగా మిగిలిందని ఈ వ్యాసకర్త భావన. తొలి 151 జీవులన్నిటికీ ఇది వర్తించదు. కేటర్‌పీ వంటివి పురుగుల డబ్బా నుంచి వచ్చినవే. కాని రైడాన్ పూర్వరూపమైన రైహార్న్‌ను గమనించాలి. అది నాలుగు కాళ్ళ జంతువు. బలం పెరిగి పరిణామం చెందినప్పుడే లేచి రెండు కాళ్ళపై నిలబడుతుంది.