పెరటి పుంజు – పౌరుషము

కార్వేటినగరం పరిసర గ్రామాలలో పెరటికోళ్లు పేద కుటుంబానికి గొప్ప ఆసరా. గుడ్డు బిడ్డలకు బలం, కోడి అక్కరకు డబ్బు. అయితే కొన్ని పుంజులు ఇంటివారి మీదనే కాలు దువ్వుతాయి. పెద్దలకు మోకాలికి తగిలే దెబ్బ పసిబిడ్డకు కంటికే తగులవచ్చు. ఆస్ట్రేలియాలో గుడ్లు ఏరుతున్న ఒక వృద్ధురాలిని పుంజు కాలి ఉబ్బునరంపై పొడవగా, రక్తస్రావంతో ఆమె మరణించిన ఉదంతాన్ని 2019లో ఒక వైద్యపత్రిక ప్రకటించింది. కావున ఇది నవ్వి వదలదగిన విషయం కాదు.

ఈ పౌరుషం ఎక్కడిది? 1849లో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు బెర్తోల్డ్ కొన్ని చిన్న పుంజుల వృషణాలను తొలగించాడు. వాటికి తురాయి ఎదగలేదు, కయ్యపు బుద్ధి పుట్టలేదు. వృషణాన్ని కడుపులో అమర్చిన పుంజులకు మాత్రం ఆ లక్షణాలన్నీ వచ్చాయి. అనగా ఇది పగ కాదు. రక్తంలో ప్రవహించే హార్మోను ప్రభావం. పెట్టలను కాచుకొనే పుంజుకు మనిషి కూడా శత్రువుగానే తోస్తాడు. దీనికి వంశగుణం తోడవుతుంది. మన పందెపు జాతి అసీల్. ఉర్దూలో ఆ మాటకు మేలి వంశానిదని అర్థం. తరతరాలుగా పోరుకే ఎంచి పెంచిన జాతి అది.

మరి చేయవలసినదేమి? పుంజును కొట్టరాదు, బిడ్డలు దానిని రెచ్చగొట్టరాదు. కొట్టినకొద్దీ అది మరింత తిరగబడుతుంది. వెన్నిచ్చి పరుగెత్తక, ఎదురుగా నిలిచి గంపతో మూయాలి. చీకటిలో కోడి శాంతంగా ఉంటుంది కనుక పట్టుకొనే పని రాత్రివేళ సులువు. కాలిముల్లు కొనను మాత్రమే అరగదీయాలి; లోపల ఎముక, రక్తనాళాలు ఉన్నాయి. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. గాయమైతే సబ్బునీటితో కడిగి, ధనుర్వాతపు సూది విషయమై వైద్యుని సంప్రదించాలి.

ఇన్ని చేసినా మారని పుంజును వేరుగా ఉంచాలి, లేదా కూరకు వినియోగించాలి. దాని సంతతిని మాత్రం పెంచరాదు. గుణం పిల్లలకు సంక్రమిస్తుంది. పందెగాళ్లకు అమ్మడం పరిష్కారం కాదు. జంతువులను పోరుకు పురికొల్పడం 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం ప్రకారం నేరం.

పుంజు లేకున్నా పెట్ట గుడ్లు పెడుతుంది. పిల్లలు కావాలన్నప్పుడే పుంజు అవసరం. ఈ చిన్న సత్యం తెలిసిన గృహిణి, బిడ్డ కన్నా పుంజు ముఖ్యమని ఎన్నటికీ భావించదు.