అద్దె చోటు, సొంత బాధ్యత

శాసనం ఢిల్లీలో పుడుతుంది. దాని బరువు ఎక్కడో దూరాన ఉన్న చిన్న దుకాణదారు భుజాలపై పడుతుంది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టానికి నియమావళి 2025 నవంబరులో వెలువడింది. ముఖ్యమైన విధుల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. తగిన రక్షణ చర్యలు తీసుకోనివారికి జరిమానా 250 కోట్ల రూపాయల దాకా విధించవచ్చు.

ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమైన బిలాస్‌పూర్‌లో, రైలు ఉద్యోగాలపై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అక్కడి తార్‌బహార్‌లో ఆవకాయ, అరిసెలు అమ్మే ఒక ఇల్లాలు ఇంటర్నెట్‌లో దుకాణం తెరిచారనుకుందాం. ఆ దుకాణం ఉండేది ఆమె ఇంట్లో కాదు. ఏదో హోస్టింగ్ సంస్థ యంత్రంలో, అద్దెకు తీసుకున్న చోటులో. చవక అద్దెకైతే అదే యంత్రంలో మరెన్నో వెబ్‌సైట్లు కాపురముంటాయి. అయినా కొనుగోలుదారుల సమాచారానికి జవాబు చెప్పవలసినది దుకాణదారే అంటున్నది చట్టం. చోటు అద్దెకు దొరుకుతుంది గాని, బాధ్యతను అద్దెకివ్వడం కుదరదు.

కార్డుల విషయంలో దారి ఇదివరకే సుగమమైంది. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2022 అక్టోబరు 1 నుంచి కార్డు జారీచేసిన సంస్థలు, కార్డు నెట్‌వర్కులు తప్ప మరెవరూ పూర్తి కార్డు సంఖ్యను దాచుకోరాదు. లెక్కలు సరిచూసుకోవడానికి చివరి నాలుగు అంకెలు, జారీచేసిన సంస్థ పేరు ఉంచుకోవచ్చు. కనుక చెల్లింపు వేళ కొనుగోలుదారును పేమెంట్ గేట్‌వే పేజీకే పంపడం ఉత్తమం. అప్పుడు కార్డు వివరాలు దుకాణం గడపే తొక్కవు. డబ్బు చేరినట్లు గేట్‌వే నుంచి నేరుగా వచ్చే ధ్రువీకరణను సరిచూసుకున్న తరువాతనే సరుకు పంపాలి.

ఇక మిగిలేవి పేరు, చిరునామా, ఫోను నంబరు, కొన్న సరుకుల చిట్టా. ఇవి స్వల్పమైనవి కావు. ఫలానా రోజున ఫలానా సరుకు కొన్నారని తెలిసిన మోసగాడు ఫోను చేస్తే ఎవరైనా ఇట్టే నమ్ముతారు. అందువల్ల గేట్‌వే ఇచ్చిన రహస్య సంకేతాన్ని బయటివారికి తెరుచుకునే ఫైలులో ఉంచరాదు. వెబ్‌సైటు సాఫ్ట్‌వేరును ఎప్పటికప్పుడు సరికొత్తగా ఉంచాలి. నిర్వహణ ఖాతాకు పాస్‌వర్డుతోపాటు రెండవ తనిఖీ పెట్టుకోవాలి. పని తీరిపోయి, చట్టరీత్యా ఉంచనక్కరలేని వివరాలను తుడిచివేయాలి. లేని సొత్తును ఏ దొంగా ఎత్తుకుపోలేడు.

పెద్ద సంస్థలకు న్యాయవాదులు, నిపుణులు ఉంటారు. తార్‌బహార్ ఇల్లాలికి ఆ నియమాలను తెలుగులోనో హిందీలోనో రెండు పుటల్లో విడమరచి చెప్పేవారు కావాలి. జరిమానా ప్రకటించిన ప్రభుత్వమే ఆ రెండు పుటలనూ ఇంటింటికీ చేర్చడం న్యాయం.