వేడిని రాతికి అప్పగించే యంత్రం

కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్ దాకా పరుచుకున్నది నల్లరేగడి నేల. తరాల కిందట వలస వచ్చిన తెలుగువాళ్ళు స్థిరపడిన సీమ ఇది. ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలస కథనే 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా తమిళంలో రాశారు. ఇక్కడ ఎండాకాలపు మధ్యాహ్నం 38 డిగ్రీలు దాటడం మామూలే. ఒకప్పుడు పంకాతో సరిపెట్టుకున్న ఇళ్ళల్లో ఇప్పుడు ఏసీలు వెలుస్తున్నాయి.

ఏసీ చలవను పుట్టించదు, గదిలోని వేడిని తోడి బయట పోస్తుంది. మోట నీళ్ళు తోడినట్టే: బావి ఎంత లోతైతే ఎద్దులకు అంత శ్రమ. గది 26 డిగ్రీలు, బయట గాలి 40 అయితే కంప్రెసర్ ఎక్కువ కరెంటు తాగుతుంది. ఎండ ముదిరిన కొద్దీ చలవ కావాలి, ఆ వేళకే యంత్రం డస్సిపోతుంది. వేడిని గాలిలోకి కాక నేలలోకి పంపితే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. భూతాప హీట్ పంపు చేసేది ఆ పనే.

చలిదేశాల సరుకుగా పేరుపడ్డా, ఈ యంత్రం మూలంలో ఉన్నది వేడిదేశాల గురించిన చింతే. స్కాట్లండ్ రాజఖగోళవేత్త చార్లెస్ పియాజీ స్మిత్ 1850 ప్రాంతంలో ఉష్ణదేశాల గదులను చల్లబరిచే పద్ధతి ఒకటి ప్రతిపాదించాడు: గాలిని నొక్కితే వేడెక్కుతుంది, ఆ వేడిని బయటికి పోనిచ్చి మళ్ళీ విప్పితే చల్లబడుతుంది. 1852లో విలియం థామ్సన్ (తర్వాత కెల్విన్ ప్రభువు) భవనాలను వెచ్చబరచడం, చల్లబరచడం రెండింటినీ కలిపి ఒకే వ్యాసంలో లెక్కగట్టాడు. ఆ దశకంలోనే ఆస్ట్రియాలో ఎబెన్‌జీ ఉప్పు కర్మాగారంలో పీటర్ ఫన్ రిట్టింగర్, ఉప్పునీటి ఆవిరిని నొక్కి దాని వేడినే తిరిగి వాడే యంత్రం నిలబెట్టాడు. నేలనుంచి వేడి లాగే ఆలోచనకు 1912లో స్విట్జర్లండ్‌లో హైన్రిక్ జోలీ పేటెంటు తీసుకున్నాడు. ఇంటిదాకా తెచ్చిన ఘనత 1940లలో అమెరికాలోని ఇండియానాపోలిస్ వాసి రాబర్ట్ వెబర్‌కు దక్కింది. ఫ్రీజర్ గొట్టం చేతికి చురుక్కుమనేసరికి ఇంత వేడి వృథా పోతోందా అనిపించిందట. నేలలో రాగిగొట్టాలు పాతి ఇల్లంతా వెచ్చబరుచుకుని, మరుసటి ఏడు బొగ్గు పొయ్యి అమ్మేశాడని చెబుతారు. 1970ల చమురు సంక్షోభం తర్వాత స్వీడన్ దీన్ని ఊరూరా పాకించింది.

ఇక నేల లోపలి వేడి సంగతి. ప్యారిస్ అబ్జర్వేటరీ నేలమాళిగలో, 28 మీటర్ల లోతున, 1783లో రసాయనవేత్త లవోజియే అమర్చిన థర్మామీటరు ఏడాది పొడుగునా దాదాపు 12 డిగ్రీలే చూపింది. పది మీటర్ల లోతు దాటితే నేల, ఆ ఊరి సాలుసరి సగటు వేడి దగ్గరే నిలిచిపోతుంది. మరి కోవిల్‌పట్టి సగటు? 29 డిగ్రీల దరిదాపు. అందువల్ల అక్కడి రాయి చల్లనిదేమీ కాదు, నిలకడైనది మాత్రమే. ఇంకా లోతుకు పోయినా కలిసిరాదు, కింద వేడి మెల్లగా పెరుగుతుందే తప్ప తగ్గదు. అయినా 40 డిగ్రీల గాలికంటే 30 డిగ్రీల రాయి మేలే. అమెరికా పర్యావరణ సంస్థ 1993 నివేదికలో, గాలిలోకి వేడిని వదిలే హీట్ పంపుకంటే భూతాప హీట్ పంపుతో 44 శాతం దాకా కరెంటు ఆదా అని ఉంది. ఆ అంకె అమెరికా ఇళ్ళది. దాన్ని విరుదునగర్ ఇంటికి అతికించి అమ్మజూపే వ్యాపారిని నమ్మకండి.

అసలు చిక్కు మరొకటి ఉంది. చలిదేశంలో వేసవిలో దాచిన వేడిని శీతకాలంలో తిరిగి తోడుకుంటారు. ఇక్కడ పన్నెండు నెలలూ దాచడమే, తీసుకోవడం లేదు. ఏళ్ళు గడిచేకొద్దీ బోరు చుట్టూ రాయి వేడెక్కి యంత్రం పనితనం సన్నగిల్లుతుంది. అందుకే అమెరికాలో ఒక టన్ను ఏసీకి 45 నుంచి 60 మీటర్ల బోరు చాలితే, ఇక్కడ ఇంకా ఎక్కువ తవ్వాలి. దీనికి నాకు నచ్చిన ఉపాయం, ఆ వేడిని నేలకు పంపేముందే స్నానాల నీళ్ళకు మళ్ళించడం. గీజరు ఖర్చు తగ్గుతుంది, రాతి మీద భారమూ తగ్గుతుంది. నీళ్ళ వాడకం ఎక్కువగా ఉండే ఆసుపత్రికీ లాడ్జీకీ ఇది ఇంటికంటే బాగా కుదురుతుంది.

రేగడి మరో పేచీ పెడుతుంది. తడిసి ఉబ్బుతుంది, ఎండి బీటలు వారుతుంది. బీటల్లో గాలి చేరితే వేడి పారదు. పైపైన చుట్టలుగా పాతిన గొట్టాలు అందుకే ఇక్కడ నిలవవు. కింది గట్టిరాయిలోకి నిలువుగా దిగాలి, గొట్టానికీ రాతికీ మధ్య సందును బెంటొనైటు బంకమట్టి ముద్దతో నింపాలి. ఇంత ఖర్చుకీ ఒక ఓదార్పు ఉంది: మూసిన గొట్టాల్లో అవే నీళ్ళు తిరుగుతుంటాయి. ఈశాన్య రుతుపవనం మీద బతికే ఈ జిల్లాల్లో పెద్ద భవనాల ఏసీలకు వాడే కూలింగ్ టవర్ రోజూ నీటిని ఆవిరి చేస్తుంది, ఇది చుక్క కూడా తాగదు. పాలిథీన్ గొట్టం అర్ధశతాబ్దం మన్నుతుంది. పైనుండే యంత్రాన్ని ఇరవై, పాతికేళ్ళకు మార్చుకోవాలి.

మామూలు ఇల్లున్నవారికి నా సలహా: ముందు డాబా మీద సున్నం వేయించండి, పడమటి గోడకు నీడ కట్టండి. అవి చేశాక కూడా రోజంతా ఏసీ నడిచే కొత్త ఇల్లు కడుతుంటే, పునాది తవ్వేముందు ఒక బోరు వేయించి, వేడినీటిని కనీసం రెండు రోజులు అందులో తిప్పి రాయి ఆ వేడిని ఎంత పీలుస్తుందో కొలిపించండి. ఎన్ని మీటర్లు తవ్వాలో తేల్చేది ఆ కొలతే. అంచనా ఖర్చు రాయించుకోవలసింది దాని తర్వాతే.