4.3 వర్తకుడి చూపులో కొల్లూరు వజ్రాల గని

కూర్మన్నపాలెం పక్కనున్న ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం బైలదిల్లా గనుల నుంచి వస్తుందని మీకు తెలిసే ఉంటుంది. రేవు పట్టణంలో కనిపించే సరుకు వెనుక ఒక లోతట్టు ప్రాంతం ఉంటుంది. పూర్వం అలాంటి ప్రాంతాలను వెదుక్కుంటూ వెళ్లిన వర్తకులు చరిత్రకారులకు విలువైన ఆధారాలు మిగిల్చారు. కెనడాలో వారు బొచ్చు చర్మాల కోసం నదుల వెంట లోపలికి వెళ్లారు. మన ప్రాంతానికి వజ్రాల కోసం వచ్చారు. వారిలో ముఖ్యుడు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ (1605–1689).

4.3.1 ప్రయాణాలు

పారిస్‌లో పుట్టిన టావెర్నియర్ తూర్పు దేశాలకు ఆరుసార్లు ప్రయాణించాడు. 1652లో మచిలీపట్నం రేవులో దిగి, గండికోటలో మీర్ జుమ్లాను కలిసి, గోల్కొండ చేరాడు. ఆయన యాత్రా గ్రంథం 1676లో వెలువడింది.

4.3.2 గనిలో పని

కృష్ణా తీరాన, నేటి పల్నాడు జిల్లాలోని కొల్లూరు గనిలో సుమారు 60,000 మంది పనిచేస్తున్నారని ఆయన రాశాడు. మగవారు తవ్వేవారు, ఆడవారు, పిల్లలు మట్టి మోసేవారు. ఆ మట్టిని గోడ కట్టిన మడిలో పోసి, నీటితో నానబెట్టి, ఎండబెట్టి, ధాన్యంలా చేటలతో చెరిగేవారు. తరువాత చేతులతో వెదికేవారు. మరొక గనిలో కూలికి ఏడాదికి 3 వరహాలే దక్కేవని కూడా ఆయన నమోదు చేశాడు.

4.3.3 ఆధారాన్ని ఎలా చదవాలి?

టావెర్నియర్ కొనుగోలుదారు. అందువల్ల తూకాలు, ధరలు, సుంకాల విషయంలో ఆయన మాటకు విలువ ఎక్కువ. 60,000 అనేది మాత్రం లెక్కించిన సంఖ్య కాదు, అంచనా. మీరు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

ఆయన 14వ లూయీకి అమ్మిన నీలి వజ్రం కొల్లూరుదేనని పరిశోధకులు భావిస్తారు. 1673లో దాన్ని మళ్లీ సానపట్టారు. 1792లో అది దొంగతనానికి గురైంది. దాని నుంచి చెక్కిన హోప్ వజ్రం నేడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. అమ్మినవాడి పేరు, కొన్న రాజు పేరు చరిత్రలో నిలిచాయి. మట్టిలోంచి దాన్ని ఏరిన చేయి ఎవరిదో ఏ పుటలోనూ లేదు. కొల్లూరు కూడా పులిచింతల జలాశయంలో మునిగిపోయింది. కాబట్టి ఒక ఆధారాన్ని చదివేటప్పుడు అందులో ఉన్నవారితో పాటు లేనివారిని గురించి కూడా ప్రశ్నించండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. కొల్లూరులో మట్టి నుంచి వజ్రాలను ఎలా వేరు చేసేవారు?
2. వర్తకుడి రచనలో ఏ అంశాలను ఎక్కువగా నమ్మవచ్చు? ఎందుకు?